మదర్ ఇండియా

మదర్ ఇండియా 1957 అక్టోబరు 25న విడుదలైన హిందీ చిత్రం. దర్శకుడు మెహబూబ్ ఖాన్ 1940లో తానే తీసిన ‘ఔరత్’‌ను రంగుల్లో పునర్నిర్మించాడు. వడ్డీవ్యాపారి సుఖీలాలాగా కన్హయ్యాలాల్ రెండింటిలోనూ నటించాడు.

పెళ్లి కోసం అత్త చేసిన 500 రూపాయల అప్పు రాధ (నర్గీస్) కాపురాన్ని కుదేలు చేస్తుంది. పంచాయతీ తీర్పుతో పంటలో ముప్పాతిక వంతు వడ్డీకే పోతుంది. బండరాయి కింద చేతులు నలిగిన భర్త ఇల్లు విడిచిపోతాడు. చిన్నకొడుకు బిర్జూ (సునీల్ దత్) బందిపోటై, సుఖీలాలాను చంపి, అతని కూతురిని ఎత్తుకుపోతుండగా రాధ స్వయంగా కాల్చి చంపుతుంది. కథ మొత్తం కాలువ ప్రారంభోత్సవం నాటి ఆమె జ్ఞాపకంగా సాగుతుంది. నేరానికి మూలం అప్పుపత్రంలోనే ఉందని చూపినా, తల్లి తుపాకీ మాత్రం ఊరి ఆడపిల్ల పక్షానే నిలుస్తుంది.

సంగీతం నౌషాద్, ఛాయాగ్రహణం ఫరేదూన్ ఇరానీ. ఉత్తమ విదేశీ భాషా చిత్రం విభాగంలో ఆస్కార్ నామినేషన్ పొందిన తొలి భారతీయ చిత్రమిది. పురస్కారం ఫెల్లినీ తీసిన ‘నైట్స్ ఆఫ్ కబీరియా’కు దక్కింది. కార్లోవీ వారీ చలనచిత్రోత్సవంలో 1958లో నర్గీస్ ఉత్తమ నటిగా ఎంపికైంది. తెలుగులో తాపీ చాణక్య దర్శకత్వంలో, జమున ప్రధాన పాత్రలో ‘బంగారుతల్లి’ (1971)గా వచ్చింది.