హుకుం లేకుండా పుట్టే నరం

మా పెద్దమామూ నలభై ఏళ్ళు దస్తావేజులు రాశారు. ఆయన దస్తూరీ చూసి ముచ్చటపడని గుమాస్తా లేడు. అలాంటి మనిషి ఆరేళ్ళ కిందట తన సొంత జాగా అమ్ముతూ ఆ కాగితం మీద నిషానీ వేశారు. పార్కిన్సన్స్ జబ్బు. సంతకానికి చెయ్యి నిలవడం లేదు. జాగా అమ్మింది కూడా ఆ జబ్బు కోసమే. "మూలకణాలు ఎక్కిస్తాం, కొత్త నరాలు మొలుస్తాయి" అని ఒక ఆసుపత్రి వాళ్ళు చెప్పారు. తుంటి ఎముకలోంచి మజ్జ తీశారు, వెన్నులోకి ఎక్కించారు. జాగా డబ్బు మొత్తం ఖర్చయింది. వణుకు అలాగే ఉంది.

నేను సైంటిస్టును కాను. కానీ మమ్మల్ని నమ్మించిన ఆ మాట, నరాలు మొలిపించడం అనే మాట, అసలు ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలనిపించి దాని తవారీఖ్ తిరగేశాను. అది ఝూట్ కాదు. అసలు సరుకు ఒకటుంది. మాకు అమ్మింది మాత్రం దాని పేరు ఒక్కటే.

కథ 1907లో మొదలవుతుంది. అప్పట్లో నరాల మీద పెద్ద తకరారు నడుస్తోంది. నరాలన్నీ అతుక్కుపోయిన ఒకే వల అని ఇటలీలో గోల్జీ, కాదు ఏ కణానికి ఆ కణమే వేరని స్పెయిన్‌లో కహాల్. 1906లో నోబెల్ ఇనాం ఇద్దరికీ కలిపి ఇచ్చారు, అయినా రాజీ కుదరలేదు. మరుసటి ఏడు అమెరికాలో రాస్ హారిసన్ కప్ప పిండంలోంచి నరాలుగా మారబోయే చిన్న ముక్క కోసి, గాజుపలక కింద వేలాడే లింఫ్ చుక్కలో పెట్టి చూస్తూ కూర్చున్నారు. ముక్కలోంచి సన్నటి పోగు బయటికొచ్చి పాకుతూ పోయింది. ఒక కణంలోంచే నరం సాగుతుందనడానికి అంతకంటే గవాహీ ఏం కావాలి? బతికిన నరం శరీరం బయట పెరగడం మనిషి చూడటం అదే మొదలు. ఆయనకు మాత్రం నోబెల్ రానేలేదు.

అయితే హారిసన్ కోసిన ముక్క ముందే నరం కావాలని ఖరారైపోయినది. ఆ ఖరారు చేసింది ఎవరు? ఏమీ కాని కణానికి "నువ్వు నరం అవు" అని హుకుం ఇచ్చేదెవరు?

ఈ సవాలుకు జవాబు వెతికిన అమ్మాయి జర్మనీలో హిల్డే మాంగోల్డ్. గురువు హాన్స్ ష్పేమాన్ చెప్పిన ప్రకారం ఒక న్యూట్ పిండంలోంచి చిన్న ముక్క తీసి ఇంకో పిండం పొట్టవైపు అతికించింది. న్యూట్ అంటే బల్లిలాంటి నీటి జీవి. చర్మం కావాల్సిన చోట వెన్నునరంతో సహా రెండో శరీరం తయారైంది! ఆ ముక్క హుకుం ఇస్తోందన్నమాట. 1924లో వ్యాసం అచ్చయింది. అదే ఏడు వంటింటి హీటరు పేలి హిల్డే కాలిపోయి చనిపోయింది. పాతికేళ్ళ పిల్ల. 1935లో నోబెల్ ష్పేమాన్‌కు వచ్చింది.

ఇక ఆ హుకుం ఏ పదార్థమో పట్టుకోవాలని యాభై ఏళ్ళకు పైగా హైరానా పడ్డారు. చచ్చిన కణజాలం పెట్టినా పని జరిగింది, నీలిరంగు మందు పెట్టినా జరిగింది. ఎవరికీ అంతు చిక్కలేదు. 1989లో కప్ప పిండం కణాలను విడివిడిగా చేసి కొన్ని గంటలు అలాగే ఉంచితే, ఏ హుకుమూ లేకుండా అవే నరాల కణాలయ్యాయి. కథ తలకిందులైంది. పక్క కణాలు బీఎంపీ అనే ప్రోటీనుతో "చర్మం అవు, చర్మం అవు" అని నిత్యం చెబుతుంటాయి. ఆ మాట చెవిన పడకపోతే కణం తనంత తాను నరం వైపు నడుస్తుంది. 1992లో దొరికిన నాగిన్, 1994లో దొరికిన కార్డిన్ చేసే పని అదే: బీఎంపీని పట్టుకుని నోరు మూయించడం.

నాకు ఈ మొత్తం తవారీఖ్‌లో అన్నిటికంటే నచ్చిన చోటు ఇది. మా ఊళ్ళో ఏ పనికైనా పైనుంచి హుకుం రావాలనుకుంటాం.

కార్డిన్‌ను పట్టుకున్నవాళ్ళలో జపాన్ యువకుడు యోషికి ససాయి ఒకరు. ఈలోగా 1981లో ఎలుక పిండంలోంచి, 1998లో అమెరికాలో జేమ్స్ థామ్సన్ చేతుల్లో మనిషి పిండంలోంచి మూలకణాలు తీయడం సాధ్యమైంది. శరీరంలో ఏ కణంగానైనా మారగల కణాలవి. థామ్సన్ తీసినవి 5 వరుసలు, వాటిలో ఒకదాని పేరు హెచ్9. 2000లో ససాయి బృందం ఎలుక మూలకణాలనుంచి డోపమిన్ చేసే నరాల కణాలు పుట్టించింది. పార్కిన్సన్స్‌లో చచ్చిపోయేవి సరిగ్గా ఇవే. 2001లో థామ్సన్ ఊళ్ళోనే సు చున్ జాంగ్ మనిషి మూలకణాలను గులాబీ రేకుల్లా చుట్టుకునే నరాల తొలికణాలుగా మార్చారు. 2009లో న్యూయార్క్‌లో లోరెంజ్ స్టూడర్ బృందం రెండే రెండు అడ్డుకట్టలు వేసింది. ఒకటి ఆ పాత నాగినే. నూటికి ఎనభైకి పైగా కణాలు నరాల దారి పట్టాయి.

పిండం అనగానే మనలో కొందరు ఉలిక్కిపడతారు. ఇవి సంతానం కోసం ల్యాబులో చేసినవాటిలో మిగిలిపోయి, తల్లిదండ్రుల ఇజాజత్‌తో ఇచ్చిన పిండాలు. వయసు అయిదారు రోజులు. రూహ్ పోసేది 120 రోజులకని మన ఫఖీహుల్లో ఎక్కువమంది అన్నారు, 40 రోజులన్నవాళ్ళూ ఉన్నారు. టెహ్రాన్‌లో రోయాన్ సంస్థ 2003లోనే ఈ కణాలు తీసింది. అమెరికాలో మాత్రం 2001 ఆగస్టు 9 నాటికే ఉన్న వరుసలకు తప్ప సర్కారు సొమ్ము ఇవ్వనని బుష్ షరతు పెట్టారు. హెచ్9 ఆ తారీఖుకు ముందుదే కనుక బయటపడింది.

ఆ హెచ్9 నుంచే డోపమిన్ నరాల తొలికణాలు పెంచి, 12 మంది పార్కిన్సన్స్ రోగుల మెదడులో నాటారు. 2025 ఏప్రిల్‌లో ఫలితాలు అచ్చయ్యాయి. పద్ధతి వల్ల పెద్ద ప్రమాదం జరగలేదు, ఏడాదిన్నర తర్వాత స్కానులో కణాలు బతికి పనిచేస్తున్న జాడ కనిపించింది, కొందరి కదలిక మెరుగైంది. పోల్చి చూడటానికి వేరే గుంపు లేని చిన్న తనిఖీ ఇది. అంతకు మించి దావా చేయకూడదు.

మామూ వెన్నులోకి పోయింది ఎముక మజ్జ. మెదడులో డోపమిన్ నరాలుగా మారే దారిలో దాన్ని ఎవరూ నడిపించలేదు. మన ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు మంజూరైన ట్రయల్ బయట ఇలాంటి చికిత్స చేయడం తప్పని రాతపూర్వకంగా చెప్పాయి. మాకు అప్పుడు ఆ సంగతి చెప్పినవాళ్ళు లేరు, మేమూ అడగలేదు.

మొన్న ఇదంతా మామూకి చదివి వినిపించాను. ఓపిగ్గా విన్నారు.

"మన దాకా ఎప్పుడొస్తుంది బేటా?"

మూడో దశ పరీక్ష నడుస్తోందని, అందులో కొందరికి కణాలు నాటకుండా ఆపరేషన్ చేసినట్టు మాత్రమే చేస్తారని, ఎవరికి ఏది జరిగిందో రోగికి చెప్పరని అన్నాను.

"దానికి ఎంత తీసుకుంటారు?"

"అసలైన ట్రయల్ అయితే పైసా తీసుకోకూడదు మామూ."

వణికే చేతిని రెండో చేత్తో పట్టుకుని కాసేపు ఊరుకున్నారు.

"ఆ ఒక్క మాట ముందే తెలిస్తే జాగా మిగిలేది" అన్నారు.