ట్విన్‌చార్జింగ్

ఒకే ఇంజనుకు సూపర్‌చార్జర్, టర్బోచార్జర్ రెండూ అమర్చి సిలిండర్లలోకి గాలిని ఒత్తిడితో పంపే పద్ధతి. రెండు టర్బోలుండే ట్విన్ టర్బో వేరు.

సూపర్‌చార్జర్‌ను కార్లలో సాధారణంగా క్రాంక్‌షాఫ్టే బెల్టు ద్వారా తిప్పుతుంది. యాక్సిలరేటర్ తొక్కగానే ఒత్తిడి అందుతుంది గాని, ఆ తిప్పుడుకు ఇంజను శక్తే ఖర్చవుతుంది. టర్బో సైలెన్సర్‌లోకి పోయే వేడి వాయువులతో తిరుగుతుంది; తక్కువ ఆర్‌పీఎంలో ఆ వాయువులు చాలక ఆలస్యంగా అందుకుంటుంది. అదే టర్బో లాగ్. అందుకని మొదట సూపర్‌చార్జర్‌ను పనిచేయించి, టర్బో అందుకున్నాక బైపాస్ వాల్వ్ తెరిచి సూపర్‌చార్జర్‌ను పక్కకు తప్పిస్తారు. కొన్నిటిలో క్లచ్‌తో పూర్తిగా ఆపేస్తారు.

ఈ పద్ధతికి తొలి ఉదాహరణగా లాన్సియా కంపెనీ ర్యాలీ కారు డెల్టా ఎస్4ను పేర్కొనడం పరిపాటి. అయితే రెండో ప్రపంచ యుద్ధకాలపు లాక్‌హీడ్ పి-38 విమానపు ఆలిసన్ ఇంజన్లలోనే గేర్లతో తిరిగే సూపర్‌చార్జర్‌కు టర్బో తోడుగా ఉంది. డెట్రాయిట్ డీజిల్ వారి టూ-స్ట్రోక్ ఇంజన్లలోనూ బ్లోయర్‌కు టర్బో జోడించిన రకాలున్నాయి. కనుక లాన్సియాను ర్యాలీ కార్లలో తొలి ప్రసిద్ధ ఉదాహరణ అనడమే సమంజసం.

డెల్టా ఎస్4 ఇంజను 1759 సీసీ. ఈ అంకె వెనుక నిబంధనల పుస్తకం ఉంది. గ్రూప్-బి అనే ర్యాలీ కార్ల విభాగపు పోటీల్లో ఒత్తిడి గాలి వాడే ఇంజను పరిమాణాన్ని 1.4తో హెచ్చించి లెక్కగట్టేవారు. అలా వచ్చేది సుమారు 2463 సీసీ. అంటే 2500 సీసీ తరగతిలోనే ఉండి, పై తరగతి కన్నా తక్కువ బరువుతో పోటీచేయవచ్చు. చిన్న ఇంజను నుంచి ఎక్కువ శక్తి రాబట్టాలంటే పెద్ద టర్బో కావాలి, పెద్ద టర్బోతో లాగ్ పెరుగుతుంది. ఆ లోటు తీర్చడానికే లాన్సియా కోసం పనిచేసిన అబార్త్ ఇంజనీర్లు వాల్యూమెక్స్ సూపర్‌చార్జర్‌ను జతచేశారు. ఈ ఇంజను శక్తి వెయ్యి హార్స్‌పవర్ అన్న ప్రచారమూ ఉంది. పోటీ కార్ల విషయంలో 450-500 అన్న అంచనాలే నమ్మదగినవి.

1985 నవంబరులో బ్రిటన్‌లోని ఆర్‌ఏసీ ర్యాలీలో డ్రైవర్ హెన్రీ టోయివోనెన్ ఈ కారుతో తొలి ప్రయత్నంలోనే గెలిచాడు. పోర్చుగల్‌లోని ఎస్టోరిల్ సర్క్యూట్‌లో అతని ల్యాప్ సమయం 1986 పోర్చుగల్ ఫార్ములా-1 గ్రాండ్ ప్రీ ఆరంభ వరుసలో ఆరో స్థానానికి సరిపోయేదన్న కథ విస్తృతంగా ఉంది. ఆ గ్రాండ్ ప్రీ జరిగింది సెప్టెంబరులో. టోయివోనెన్, సహ డ్రైవర్ సెర్జియో క్రెస్టో అంతకు ముందే, మే 2న, కోర్సికా ర్యాలీ ప్రమాదంలో మరణించారు. ఆనాడు పక్కపక్కన పెట్టి పోల్చిన మాట కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. ఆ ప్రమాదం తర్వాత 1987 నుంచి గ్రూప్-బి కార్లను ప్రపంచ ర్యాలీ పోటీల నుంచి తొలగించారు.

ఇదే పద్ధతి వాడిన మరో ర్యాలీ కారు నిస్సాన్ మార్చ్ ఆర్ (1988); దాని ఇంజను 930 సీసీ. అప్పటికి ఒత్తిడి గాలి ఇంజన్లను హెచ్చించే గుణకం 1.7; లెక్క 1581కి వస్తుంది, 1600 తరగతికి లోబడి. దీని రోడ్డు రూపమే మార్చ్ సూపర్ టర్బో.

సాధారణ కొనుగోలుదారుల చేతికి విస్తారంగా చేరింది 2005లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీతో వచ్చిన 1.4 టీఎస్‌ఐ ఇంజను: 170 హార్స్‌పవర్, 1750 ఆర్‌పీఎం నుంచే 240 న్యూటన్ మీటర్ల టార్క్. వోల్వో తన 2 లీటర్ల టీ6 ఇంజన్లలో ఇదే బాట పట్టింది. రెండు యంత్రాల ఖర్చు, అమరికలోని చిక్కుల వల్ల కాబోలు, తర్వాత తయారీదారులు మెరుగైన ఒంటి టర్బోలవైపు మళ్లారు. లాగ్‌ను తగ్గించే మరో దారీ ఉంది: ఆడి ఎస్‌క్యూ7 (2016)లో టర్బోలకు తోడుగా ఉన్నది బెల్టుతో కాక 48 వోల్టుల విద్యుత్తుతో తిరిగే కంప్రెసర్.