పరాసు పీపా – ఓరుగంటి లొట్టి

మట్టెవాడలో మాకు పరిచయమున్న ఒక ఇంట నిరుడు వేసవిలో చిన్న విందు జరిగినది. ఆ యింటి అబ్బాయి పరాసుదేశమునుండి సెలవులకు వచ్చుచు, బోర్డో సీమకు చెందిన ఎఱ్ఱ ద్రాక్షసారాయము ఒక సీసా తెచ్చియుండెను. బీరువాలో పదిదినములు పడియున్న ఆ సీసాను మిట్టమధ్యాహ్నము తెఱచి, స్టీలు గ్లాసులలో నిండుగ పోసి, కారము దట్టించిన వేటకూరతో వడ్డించిరి. ఒక్క గుక్క మ్రింగి పెద్దలందఱును మొగము చిట్లించిరి. "కరక్కాయ నమిలినట్లున్నదిరా!" అని ఇంటిపెద్ద తీర్పు చెప్పెను. అబ్బాయి చిన్నబోయెను. ఆనాడు మేమును పెద్దాయన పక్షమే. తరువాత విచారింపగా, తప్పు సీసాది కాదనియు, ఆ కరక్కాయ వగరు వెనుక మన తెలుగు తీరమునుకూడ తాకిన పెద్ద కథ యున్నదనియు తెలిసినది.

బోర్డో చరిత్రను మన ఊరి కాలముతో కొలిచి చూచినచో సులువుగ బోధపడును. 1152లో ఆ సీమకు వారసురాలైన ఎలియనోరు, హెన్రీ అను రాకుమారుని పెండ్లాడెను. రెండేండ్లకు అతడు ఇంగ్లండునకు రాజయ్యెను. దానితో బోర్డో తోటలు ఇంగ్లీషు రాజుల యేలుబడిలోనికి పోయినవి. 1163లో రుద్రదేవుడు హనుమకొండలో వేయిస్తంభముల గుడి కట్టించునాటి మాట యిది. 1323లో ప్రతాపరుద్రునితో ఓరుగంటి రాజ్యము అస్తమించుకాలమునకు అచ్చటి సారాయపు వర్తకము మంచి పొంగు మీద నుండెను. 1453లో పరాసులు బోర్డోను తిరిగి గెలుచుకొనువఱకును అదియే వరుస. ఓడ యెంత పెద్దదో చెప్పుటకు ఎన్ని పీపాలు పట్టునని లెక్కించెడివారు. నేడు మనము బరువునకు వాడుచున్న "టన్ను" అను మాట ఆ పీపా పేరే.

అయితే ఆనాటి బోర్డో సారాయము నేటిది కాదు. రంగు పలుచన, ఆయువు స్వల్పము. శరత్కాలమున పిండినది మరుసటి యేటి వేసవికి పులిసి చెడుచుండెను. క్రొత్తదానికి వెల హెచ్చు, ప్రాతదానికి తక్కువ. ఒక్క మాటలో చెప్పవలెనన్న, అది మన కల్లువంటిదే. పీపా అన్నది కేవలము మోత సామాను.

కల్లు సంగతి మన వారికి క్రొత్తగ చెప్పనక్కఱలేదు. గీతకాడు మోకు వైచుకొని చెట్టెక్కి దించిన లొట్టిలోనే పులియుట మొదలగును. ఉదయమున తీపి, సాయంకాలమునకు ఘాటు, మఱునాటికి పులుపు. దానిని నిలువయుంచుట కుదరదు. అందువలననే కల్లునకు పరుగు తప్పలేదు. 17వ శతాబ్దిలో గోలకొండకు వచ్చిన పరాసు రత్నవర్తకుడు టావెర్నియే ఈ పరుగును కన్నులార చూచి వ్రాసెను. తోలుతిత్తులలో కల్లు నింపి, గుఱ్ఱమునకు ఇరువైపుల వ్రేలగట్టి, ఐదారు క్రోసుల దూరమునుండి వడివడిగ నగరమునకు తోలుకొని వచ్చెడివారట. అట్టి గుఱ్ఱములు దినమునకు ఐదారువందలు వచ్చుచుండెనట. ఆ కల్లుమీది సుంకము సుల్తాను బొక్కసమునకు గొప్ప రాబడి. 1708లో ఓరుగంటి పేటపై దండెత్తి కొల్లగొట్టిన సర్వాయి పాపడు గీతవారి బిడ్డయే అని మన ప్రాంతమున ఎఱుగనివారు లేరు. కల్లు ఎందఱ బ్రదుకులనో నిలిపినది. తాను మాత్రము మూడవ పూట నిలువలేదు.

ఇక పరాసుల సారాయము నిలువనేర్చిన విధము. 17వ శతాబ్దిలో డచ్చి వర్తకులు (మనవారి వలందులు) ఖాళీ పీపాలో గంధకపు వత్తి వెలిగించి, ఆ పొగ పట్టించి, ఆపై సారాయము నింపు పద్ధతిని వ్యాపింపజేసిరి. దానితో పులుపు పురుగు అణగినది. తరువాతి శతాబ్దిలో గట్టి గాజుసీసాలును, బెరడు బిరడాలును వాడుకలోనికి వచ్చినవి. అప్పుడుగాని సారాయమునకు ముదుసలితనము వరముగ పరిణమింపలేదు.

మాకు అన్నింటికంటె వింత గొలిపినది పీపాకొయ్య కథ. పదునాలుగవ లూయీ మంత్రియైన కోల్బేరు 1664లో పరాసు ఈస్టిండియా కంపెనీని నెలకొల్పెను. ఓడలకు కలప చాలదని యెంచి 1669లో అడవులను కాపాడుటకు కఠినమైన శాసనము చేసెను. సరిగ్గా ఆ 1669లోనే ఆ కంపెనీవారు గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా వలన ఫర్మానా పొంది మచిలీపట్టణమున కొఠీ వేసిరి. అచ్చటి పరాసుపేట పేరు వారి గుర్తే. 1947లోగాని ఆ కొఠీపై తమ హక్కును వారు భారతదేశమునకు వదలలేదు. మన తీరమునకు రావలసిన ఓడలకై పరాసుదేశపు నడుమనున్న ట్రోన్సే అడవిలో ఓక్ మ్రాకులను పెంచనారంభించిరి. ఓక్ చెట్టు ముదిరి పనికివచ్చుటకు నూటయేబది, రెండువందల యేండ్లు పట్టును. అవి ముదురునప్పటికి ఓడలు ఇనుపవైపోయినవి! యుద్ధనౌకలకై పెంచిన అడవి, నేడు పీపాలు చేయువారికి బంగారుగని. నాటినవాడు ఒకటి తలచె, చెట్టు మఱియొకటి చేసె.

ఆ కొయ్యను ఱంపముతో కోయక పోగు వెంబడి చీల్చుదురు; కోసినచో పీపా కారును. ఆ చీలికలను రెండుమూడేండ్లు ఎండకు, వానకు ఆరుబయట విడిచి, పిదప నిప్పు సెగపై వంచి బిగింతురు. బోర్డో పీపా 225 లీటర్లు పట్టును. అందులో సారాయము ఏడాది మొదలు రెండేండ్లవఱకు ఉండును. కొయ్య రంధ్రములగుండ గాలి అణువణువుగ లోనికి జొరబడి వగరును మెత్తబఱచును. సెగ తగిలిన కొయ్య వెనిల్లా వాసనయు, కొంత తన వగరును ఇచ్చును. ఈ వగరు వేఱెక్కడిదో కాదు. మన చర్మకారులు తోలు ఊనుటకు వాడిన తంగేడు చెక్కలోని వగరును ఆ జాతిదే. బతుకమ్మకు పూలిచ్చు తంగేడు బోర్డో సీసాకు దూరపు చుట్టమని మేమెన్నడు ననుకొనలేదు.

బోర్డో సారాయము ఒకే ద్రాక్షతో చేయబడునది కాదు. కబెర్నే సోవిన్యో వగరును, నిలువబలమును ఇచ్చును. మెర్లో ముందుగ పండి, మెత్తదనము నిచ్చును. కబెర్నే ఫ్రాం పరిమళమునకు. పెతి వెర్దో చిటికెడు చాలును. ఇది రుచికొఱకు మాత్రమే చేసిన యేర్పాటు కాదు. మంచు ఒక తీగను చెఱచినను, వాన మఱొకదాని పంటను తీసినను, ఏదో యొకటి దక్కునను రైతు జాగ్రత్త. మన రైతు జొన్నలో కంది చల్లుటకును కారణము ఇదియే కదా. ఇంకొక వింత: 1997లో శాస్త్రజ్ఞులు కణపరీక్ష చేసి, ఎఱ్ఱనైన కబెర్నే సోవిన్యోకు తల్లిదండ్రులలో నొకటి తెల్లద్రాక్ష యని తేల్చిరి. తెల్ల సోవిన్యో, ఎఱ్ఱ కబెర్నే ఫ్రాం ఏదో తోటలో తామై కలిసికొన్నవి. పెండ్లి పెద్దలెవ్వరును లేరు.

ఇప్పుడు మట్టెవాడ విందులో జరిగిన పొరపాటు తెలియును. ఈ సారాయమును గది వేడిమిలో త్రాగవలెనని పుస్తకములలో నుండును. ఆ గది పరాసుల చలిగది. పదునాఱు, పదునెనిమిది డిగ్రీలది. ఓరుగల్లు మే నెల గది కాదు. వేడెక్కిన సారాయమున ఘాటొక్కటే ముక్కునకు తగులును. మన యిండ్లలో అరగంటసేపు ఫ్రిజ్‌లో ఉంచి తీసినచో సరిపోవును. ప్రాతసీసా అయినచో ముందుదినము నిలువబెట్టి, మడ్డి క్రిందికి దిగినపిదప తేటను మెల్లగ వేఱొక గాజుపాత్రలోనికి వంపవలెను. క్రొత్తదైనను అట్లు వంచి గంటసేపు గాలి తగులనిచ్చినచో వగరు కొంత నెమ్మదించును. గ్లాసు పలుచని గాజుదై యుండవలెను. మూడవవంతుకంటె పోయరాదు, మిగిలిన చోటు వాసనకు. తెల్లబట్టమీద వంచి రంగు చూచుట, మూచూచుట, పిదప చిన్న గుక్క. కారము దీనికి పగ. మిరపమంటను సారాయపు వేడియు, వగరును రెండింతలు చేయును. ఎనుమాముల మార్కెట్టు మనకు దగ్గఱ కావచ్చును గాని, ఆ పూటకు మిరపకాయను దూరముంచుటయే మేలు. మిరియము వేసి వేపిన మాంసము చక్కగ పొసగును. క్రొవ్వు, మాంసపు సారము వగరును పట్టి నోటిని తేలిక పఱచును. త్రాగుమని ఎవ్వరిని ప్రేరేపించుట మా పని కాదు. త్రాగువారు ఒకటిరెండు గ్లాసులతో ఆగుట ఈ పానీయపు మర్యాదలో భాగమే.

పుష్యమాసపు చలిలో అబ్బాయి మరల వచ్చెను, మరల సీసా తెచ్చెను. ఈసారి ముందుగనే తేర్చి యుంచిరి. వేటమాంసము మిరియముతో వేపిరి. పెద్దాయన గ్లాసును దీపమునకెత్తి చూచి, ఒక గుక్క త్రాగి, చాలసేపు మాటాడలేదు. కడకు గ్లాసు దింపి, "మన ఏటూరునాగారపు టేకుతో ఇట్టి పీపా చేసినచో ఏమగునురా?" అని అడిగెను. అబ్బాయికి జవాబు తోచలేదు. మాకును తోచలేదు.