వీసా, విదేశ ప్రయాణ పత్రాలు – శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల చరిత్ర

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి కూలికో, కొలువుకో, చదువుకో పరదేశాలకు వెళ్లినవారు గత నూట అరవై ఏళ్లుగా రకరకాల కాగితాలు చూపించవలసి వచ్చింది. మొదట వలస పాసు, తర్వాత పాస్‌పోర్టు, వీసా, ఎమిగ్రేషన్ క్లియరెన్సు. అయితే ఇక్కడివారు తండోపతండాలుగా వెళ్లిన రంగానికి, అంటే బర్మాలోని నేటి యాంగోన్‌కు, చాలాకాలం ఈ కాగితాల్లో ఏదీ అక్కర్లేకపోయింది.

పాత రికార్డుల్లో ఈ జిల్లాల పేర్లు కనిపించవు. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి. అంతకుముందు ఈ ఊళ్లన్నీ విశాఖపట్నం, గంజాం జిల్లాల్లోవి. ముత్తాతల జాడ వెతుక్కుంటూ దక్షిణాఫ్రికా నుంచో, ఫిజీ నుంచో వచ్చేవారు ఆ రెండు పేర్లనే పట్టుకోవాలి.

దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు ఒప్పంద కూలీల తొలి ఓడ ట్రూరో మద్రాసు నుంచి బయలుదేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911 వరకు సాగిన ఆ వలసలో సుమారు 1,52,000 మంది నటాల్‌కు వెళ్లారు. ఫిజీకి మద్రాసు నుంచి ఓడలు 1903లో మొదలయ్యాయి. ఈ రెండు దేశాలకూ ఉత్తర కోస్తా నుంచి కూలీలు వెళ్లారు. ఫిజీ వెళ్లేవారి పాసులో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఠాణా, జిల్లా, ఎత్తు, ఒంటిమీది పుట్టుమచ్చలు, దగ్గరి బంధువు పేరు రాసేవారు. ఆరోగ్యం బాగుందని డాక్టరు, ఇష్టపూర్వకంగానే వెళ్తున్నారని వలసల రక్షకాధికారి సంతకాలు పెట్టేవారు. ఆ ఇష్టం ఏపాటిదో అడిగే గడి మాత్రం అందులో లేదు. ఒప్పంద కూలీల వలస 1917లో ఆగిపోయింది. చదువురాని మనిషి గురించి ఆ పాసంత వివరంగా రాసిపెట్టిన కాగితం ఆ కాలంలో అరుదు. అందుకే ఆ పాసులు ఈనాడు వంశవృక్షాలకు ఆధారమయ్యాయి.

రంగం సంగతి వేరు. బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం కావడంతో కళింగపట్నం, బారువ, భీమునిపట్నం, విశాఖ రేవుల్లో స్టీమరెక్కడానికి టిక్కెట్టుంటే చాలు. ఆ టిక్కెట్టు డబ్బు కూడా చాలామందికి చేతిలో ఉండేది కాదు. కూలీలను కూడగట్టే మేస్త్రీ ఊళ్లోకి వచ్చి అడ్వాన్సు ఇచ్చేవాడు, ఛార్జీలు పెట్టుకునేవాడు, అక్కడ దిగాక జీతంలోంచి పట్టుకునేవాడు. బియ్యం మిల్లుల పని ముమ్మరంగా సాగే నెలలకు వెళ్లి, సీజను అయ్యాక తిరిగొచ్చేవారు ఎందరో. రంగం రేవులో మూటలు మోసిందీ, రిక్షాలు లాగిందీ ఎక్కువగా తెలుగువారే. బర్మాలో వారిని కోరంగీలనేవారు. 1930 మేలో ఈ రేవు కూలీలు సమ్మె చేస్తే యజమానులు బర్మీయులను పనిలోకి దించారు. సమ్మె ముగిశాక పాతవారిని తిరిగి తీసుకోవడంతో అల్లర్లు చెలరేగి, ప్రాణాలు పోయాయి.

1937 ఏప్రిల్ 1న బర్మా ఇండియా నుంచి విడిపోయింది. ఊరూ మారలేదు, ఓడా మారలేదు, రంగం మాత్రం పరదేశమైంది. మొదటి మూడేళ్లు రాకపోకల్లో మార్పు ఉండదని ఉత్తర్వు ఉండడంతో ఆ తేడా వెంటనే తెలియలేదు. వలసలపై విచారణ జరిపిన బాక్స్‌టర్ నివేదిక వచ్చాక 1941లో రెండు ప్రభుత్వాలూ ఒప్పందం చేసుకున్నాయి. దాని ప్రకారం పాస్‌పోర్టు, దానిమీద వీసా లేదా పర్మిట్టు ఉండాలి. 'ఎ' పర్మిట్టు దీర్ఘకాలం ఉండేవారికి, 'బి' పర్మిట్టు గడువున్న పనికి. గాంధీజీ దీన్ని తీవ్రంగా విమర్శించారు. ఏటా వెళ్లివచ్చే మిల్లు కూలీకి ఈ పద్ధతి సరిపడదన్నది స్పష్టమే. కానీ అది పూర్తిగా అమలయ్యేలోగానే 1941 డిసెంబరులో జపాను బాంబులు రంగంపై పడ్డాయి. లక్షలమంది అరకాను, మణిపురం దారుల్లో నడిచి వచ్చేశారు. దారిలో చనిపోయినవారికి లెక్కలేదు.

యుద్ధం తర్వాత కొందరు తిరిగి వెళ్లారు. స్వతంత్ర బర్మాలో వారు విదేశీయులుగా పేరు నమోదు చేయించుకుని సర్టిఫికెట్టు దగ్గర పెట్టుకోవలసి వచ్చింది. 1962లో సైన్యాధిపతి నే విన్ అధికారానికి వచ్చి, 1964లో దుకాణాలు జాతీయం చేశాక తిరిగొచ్చేవారితో మళ్లీ ఓడలు నిండాయి. విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంపు అలా వచ్చినవారి వల్ల పుట్టిన పేటే.

అప్పటికి పాస్‌పోర్టు పౌరుడి హక్కు కాదు, సర్కారు దయ. 1967లో సత్వంత్‌సింగ్ సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు విదేశయానం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని తీర్పునిచ్చాక, ఆ ఏడాదే పాస్‌పోర్టు చట్టం వచ్చింది. గల్ఫ్ చమురు డబ్బు కూలీలను పిలవడంతో 1983లో ఎమిగ్రేషన్ చట్టం చేశారు. పదో తరగతి పాసవనివారు గల్ఫ్ దేశాలు, మలేసియా సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే క్లియరెన్సు తప్పనిసరి.

ఈ దశలో ముందు చెప్పుకోవలసింది శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, పలాస ప్రాంతాల కుర్రాళ్లు వెల్డింగు, ఫిట్టింగు, రిగ్గింగు నేర్చుకుని, పనితనాన్ని పరీక్షించే ట్రేడ్ టెస్టుకు వెళ్తారు. ఆ ఊళ్లలో కన్సల్టెన్సీ బోర్డులు కొత్త కాదు. లైసెన్సున్న ఏజెంటు తీసుకోదగిన రుసుం 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అడిగేది లక్షల్లో. కంపెనీ వీసా అని డబ్బు కట్టించుకుని విజిట్ వీసా చేతిలో పెట్టడం పాత మోసం. అలా వెళ్లినవారికి గడువు దాటితే జరిమానా, పట్టుబడితే జైలు. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి అప్పులో దింపేవాడు, ఏజెంటు ముందే పుచ్చుకుని దింపుతాడు. 2024లో కాంబోడియా సైబర్ మోసాల ముఠాల చేతిలో చిక్కిన ఉత్తరాంధ్ర యువకులు కూడా డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి వెళ్లినవారే.

వీసా మాటే ఎరగకుండా సరిహద్దు దాటినవారూ ఉన్నారు. గుజరాత్‌లోని వెరావల్ బోట్లలో వేటకు వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు 2018 నవంబరులో పాకిస్తాన్‌కు పట్టుబడి, ఎక్కువమంది 2020 జనవరిలో వాఘా మీదుగా ఇల్లు చేరారు.

చదువుకు, సాఫ్ట్‌వేర్ కొలువుకు వెళ్లేవారి దారి వేరు. హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేటు 2008 అక్టోబరులో ప్రారంభమై, మరుసటి ఏడాది వీసాలు ఇవ్వడం మొదలుపెట్టేదాకా ఇంటర్వ్యూకు చెన్నై రైలెక్కవలసిందే. పాస్‌పోర్టుకు మాత్రం ఇప్పుడు విశాఖ దాకా పోనక్కర్లేదు. రెండు జిల్లా కేంద్రాల్లోనూ తపాలా కార్యాలయ సేవా కేంద్రాలున్నాయి.

దరఖాస్తులో తరచూ చిక్కు పెట్టేది పేరు. రేషను కార్డులో ఇంటిపేరు ముందుంటుంది, మార్కుల జాబితాలో ఒక్క అక్షరానికి కుదించుకుపోతుంది, పాస్‌పోర్టులో ఒక్కోసారి మాయమవుతుంది. పాస్‌పోర్టులో ఒకే పేరున్నవారిని విజిట్ వీసాపై రానివ్వబోమని 2022 నవంబరులో యూఏఈ ప్రకటించింది. అలాంటప్పుడు ఒట్టి అప్పలరాజుగా పాస్‌పోర్టు తీసుకున్నవారు ఇంటిపేరు చేర్పించుకోవడానికి మళ్లీ దరఖాస్తు పెట్టుకోవలసి రావచ్చు.