వేడర్లు: వాననీటి కాలువలకు ఎంపిక

వేడర్లు అంటే నీళ్లలో నడిచేవారు తొడుక్కునే, తడి లోపలికి రానివ్వని బూటు ప్యాంట్లు. జాలర్ల సరుకైన ఇవి నగరాల అడుగున ఉండే వాననీటి సొరంగాలు చూసేవారికీ అలవాటయ్యాయి. 1986లో మెల్‌బోర్న్‌లో పుట్టిన కేవ్ క్లాన్ బృందం ఈ సరదాకు పేరుమోసింది. చాలాచోట్ల అనుమతి లేకుండా దిగడం నేరం.

మోకాలి లోతు నీటికి తొడల దాకా వచ్చే రకం చాలు. ఛాతీ దాకా వచ్చేవి ఇంకా లోతుకు దిగే ధైర్యమిస్తాయి. వాటితో చిక్కు ఆ ధైర్యమే. ఇక తయారీ పదార్థానికొస్తే, పీవీసీ చవక, గట్టిది, కానీ గాలాడక చెమటతో లోపలే తడుస్తాం. డ్యూపాంట్ కంపెనీ 1930లో కనిపెట్టిన నియోప్రీన్ రబ్బరు చలికి మేలు. గాలాడే పల్చని రకాలు నదికి హాయి, కాలువకు కావు. కాంక్రీటులోంచి పొడుచుకొచ్చిన తుప్పు చువ్వ ఒక్కసారి గీరితే చిరుగుతాయి. మోకాళ్ల దగ్గర రెండు పొరలున్నవి చూసుకోవాలి.

బూటు అడుగు విషయానికొస్తే, పాచి మీద ఫెల్ట్ బట్ట అడుగు బాగా పట్టుకుంటుంది గాని త్వరగా ఆరదు, సూక్ష్మజీవులను మోసుకుపోతుంది. న్యూజిలాండ్ 2008లో జాలర్లకు దాన్ని నిషేధించింది. గాళ్లున్న రబ్బరు అడుగు కడగడానికి సులువు. ఎలుకల మూత్రం కలిసిన నీటితో లెప్టోస్పైరోసిస్ వస్తుంది కనుక ఈ కడుగుడు తప్పనిసరి. నడుముకు బెల్టు బిగిస్తే, పడినా నీరు ఒక్కసారిగా కాళ్లలోకి దిగదు.

వాన సూచన ఉన్న రోజున ఏ వేడరూ కాపాడదు. వాన పడితే కాలువలోకి దిగవద్దన్నది కేవ్ క్లాన్ నియమం కూడా.