టోక్యోలో తేలిన ఇంగ్లిష్ వాక్యం లెక్క

1942లో టోక్యోలోని కైతాకుషా అనే ప్రచురణ సంస్థ ఒక ఇంగ్లిష్ నిఘంటువును అచ్చువేసింది. అప్పటికే జపాన్‌కూ బ్రిటన్‌కూ యుద్ధం నడుస్తోంది. నిఘంటువు కూర్చిన ముగ్గురూ బ్రిటన్‌వాళ్లే: ఎ.ఎస్. హార్న్‌బీ, ఇ.వి. గేటెన్‌బీ, హెచ్. వేక్‌ఫీల్డ్. వారిలో పెద్ద పాత్ర హార్న్‌బీది. పెర్ల్ హార్బర్ దాడి జరగగానే జపాన్ ప్రభుత్వం ఆయన్ని నిర్బంధించి, మరుసటి ఏడాది స్వదేశానికి పంపేసింది. మనిషి శత్రువుల పక్షం, భాష శత్రువుల భాష. అయినా పుస్తకం ఆగలేదు.

దాని పేరు 'ఇడియొమాటిక్ అండ్ సింటాక్టిక్ ఇంగ్లిష్ డిక్షనరీ'. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ 1948లో ఆ పేజీలనే ఫొటో తీసి మళ్లీ ముద్రించింది. 1952లో పేరు మార్చి 'అడ్వాన్స్‌డ్ లర్నర్స్ డిక్షనరీ' చేసింది. మన కాలేజీ లైబ్రరీల్లో తరాల తరబడి చేతులు మారిన ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ పుట్టిల్లు ఆక్స్‌ఫర్డ్ కాదు, టోక్యో.

ఆ పుస్తకంలో మాటలకు అర్థాలతో పాటు ఇంకొకటి ఉంది. ఇంగ్లిష్ క్రియలు వాక్యంలో ఎలా కుదురుకుంటాయో చూపే 25 నమూనాలు, అంటే వెర్బ్ ప్యాటర్న్‌లు. ఒక్కో క్రియ పక్కన అది ఏయే నమూనాలో ఇముడుతుందో అంకె వేసి చెప్పారు. రోజువారీ ఇంగ్లిష్ వాక్యం ఎలా కట్టుకొస్తుందో తెలియాలంటే ముందు క్రియను అడగాలన్నది అందులోని అసలు సంగతి.

ఈ ఆలోచనకు నేల చదును చేసినవాడు హెరాల్డ్ పామర్. బెల్జియంలోని వెర్వియే పట్టణంలో ఇంగ్లిష్ పాఠాలు చెప్పుకుని బతికిన మనిషి. 1914లో జర్మన్ సేనలు వచ్చిపడితే ఇంగ్లండ్‌కు పారిపోయి, లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో పాఠాలు చెప్పాడు. 1916లో 'హండ్రెడ్ సబ్‌స్టిట్యూషన్ టేబుల్స్' అనే చిన్న పుస్తకం తెచ్చాడు. అలాంటి పట్టిక ఒకటి ఊహించుకుంటే దాని పనితనం తెలుస్తుంది. మొదటి వరుసలో ఐ, యు, హి, వుయ్, దే. రెండో వరుసలో సా, మెట్, కాల్డ్, హెల్ప్‌డ్, లెఫ్ట్. మూడో వరుసలో ఎవరిని అన్నదానికి ఐదు మాటలు, నాలుగో వరుసలో ఎప్పుడు అన్నదానికి మరో ఐదు. ఏ వరుస నుంచి ఏ మాట తీసుకున్నా వాక్యం తప్పు కాదు. ఇరవై మాటలతో 625 వాక్యాలు! వ్యాకరణ సూత్రం ఒక్కటైనా వల్లించకుండా విద్యార్థి నోట సరైన వాక్యం పలికించవచ్చని పామర్ నిరూపించాడు.

1922లో జపాన్ విద్యాశాఖ ఆయన్ని సలహాదారుగా పిలిపించుకుంది. మరుసటి ఏడాది టోక్యోలో ఆయన ఆధ్వర్యంలో ఇంగ్లిష్ బోధనపై ఒక పరిశోధన సంస్థ వెలిసింది. 1924లో సాహిత్యం చెప్పడానికని క్యూషూ దీవిలోని ఓయిటాకు వచ్చిన హార్న్‌బీ, తన విద్యార్థులకు కావలసింది భాషేనని గ్రహించి పామర్ బృందంలో కలిశాడు. 1936లో పామర్ ఇంగ్లండ్ వెళ్లిపోయాక పని భారమంతా హార్న్‌బీ మీద పడింది.

విద్యార్థి తప్పు ఎక్కడ పుడుతుందో హార్న్‌బీ పట్టుకున్న తీరు అబ్బురపరుస్తుంది. 'టెల్ మీ ది మీనింగ్' సరైన వాక్యం. దాన్ని చూసి విద్యార్థి 'ఎక్స్‌ప్లెయిన్ మీ ది మీనింగ్' అంటాడు. అది చెల్లదు, 'ఎక్స్‌ప్లెయిన్ ది మీనింగ్ టు మీ' అనాలి. 'ఐ ఆస్క్‌డ్ హిమ్ టు కమ్' ఒప్పు, 'ఐ సజెస్టెడ్ హిమ్ టు కమ్' తప్పు. అర్థాలు దగ్గరివే, నడకలు వేరు. తప్పు చేసినవాడు బుద్ధిలేక చేయలేదు, చక్కగా పోలిక పట్టి చేశాడు. అతనికి అందాల్సింది మందలింపు కాదు, ఒక్కో క్రియ స్వభావం గురించిన సమాచారం. ఇంగ్లిష్ తల్లిపాలతో అబ్బినవారికి ఈ సమాచారం అవసరమే తోచదు. పరాయి భాషవాళ్లకు నేర్పిన వారి కంటికే అది ఆనింది.

తెలుగువారికి ఈ ఇబ్బంది మరీ దగ్గరిది. నాకు చెప్పాడు, నాకు వివరించాడు, నాకు సూచించాడు: మూడింటికీ మన దగ్గర ఒకటే కట్టు. 'దాని గురించి చర్చించారు' అనే అలవాటుతో 'డిస్కస్‌డ్ అబౌట్ ఇట్' అనేస్తాం. ఆ క్రియకు అబౌట్ అక్కర్లేదు. 1930ల్లో వచ్చిన రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం మన బడుల్లో భాషాభాగాలనూ వాక్య విభజననూ శ్రద్ధగా నేర్పింది. కానీ ఏ క్రియ తర్వాత ఏది రావాలో తెలియడానికి ఆ విభజన చాలదు.

స్వాతంత్ర్యం వచ్చాక నమూనాల పద్ధతి మన తరగతి గదుల్లోకీ వచ్చింది. దీన్ని స్ట్రక్చరల్ పద్ధతి అన్నారు. 1958లో హైదరాబాద్‌లో ఏర్పడిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ వేర్వేరు రాష్ట్రాల ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. ఇప్పటి ఇఫ్లూ అదే. 'దిస్ ఈజ్ ఎ బుక్, దట్ ఈజ్ ఎ పెన్' అంటూ టీచరు వస్తువు ఎత్తి చూపడం, తరగతంతా గొంతు కలపడం ఆ పద్ధతిలో భాగం. నిజానికి పిల్లల నోరు తెరిపించిన మేలు దానిదే. అయితే పుస్తకం పోయి పెన్ను, పెన్ను పోయి కుర్చీ వచ్చినంత మాత్రాన క్రియల నడక పట్టుబడదు. హార్న్‌బీ పనిలో తేలికైన పైపొర తరగతికి చేరింది. అమూల్యమైన లోపలి పొర నిఘంటువులోనే ఉండిపోయింది. వల్లెవేత మీద నమ్మకం సడలి, 1979లో బెంగళూరు కేంద్రంగా ఎన్.ఎస్. ప్రభు వేరే దారి పట్టారు. పిల్లల ముందు వాక్యాలకు బదులు పరిష్కరించాల్సిన సమస్యలు పెట్టారు. ఆ ప్రయోగం 1984 దాకా సాగి ప్రపంచమంతటా చర్చకు వచ్చింది.

నిఘంటువు వైపు కూడా చిక్కులు లేకపోలేదు. క్రియ పక్కన అంకె చూసి, ఆ అంకె అంటే ఏమిటో వేరే పేజీలో వెతుక్కునే ఓపిక ఎంతమందికి ఉంటుంది? 1989 నాటి నాలుగో ముద్రణలో అంకెలు తీసేసి అక్షరాల గుర్తులు పెట్టారు. తర్వాతి ముద్రణల్లో వాటినీ సులభం చేశారు.

ఈలోగా బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ సింక్లెయర్ బృందం కోట్ల మాటల ఇంగ్లిష్‌ను కంప్యూటర్‌కెక్కించి కోబిల్డ్ నిఘంటువును 1987లో తెచ్చింది. ఆ సమాచారంతోనే 1996లో క్రియల నమూనాల మీద ఒక సంపుటం వెలువడింది. హార్న్‌బీ విద్యార్థుల తప్పుల నుంచి, సొంత చదువు నుంచి ఏరినదాన్ని ఇక్కడ యంత్రం లెక్కగట్టింది. లెక్కలో ఆయనకు అందని విషయం కూడా ఒకటి బయటపడింది: ఒకే నమూనాలో నడిచే క్రియలు అర్థంలోనూ చుట్టాలే. 'హి టాక్‌డ్ మీ ఇన్‌టు బయింగ్ ఇట్' అన్న వాక్యంలో టాక్ బదులు వచ్చే క్రియలు చూస్తే ట్రిక్, ఫోర్స్, ప్రెషర్... దాదాపు అన్నీ మాయచేసో, ఒత్తిడి పెట్టో ఒకరి చేత పని చేయించేవే. టాక్ అంటే వట్టి మాట్లాడడమే. అయినా ఈ కట్టులోకి రాగానే దానికి మాటలతో లొంగదీసుకోవడమన్న అర్థం పట్టుకుంటుంది.