బెర్లిన్ సెమినార్, లెక్కలు చెప్పిన గుర్రం

జర్మన్ విశ్వవిద్యాలయాల్లో బోధన చాలాకాలంగా రెండు తీరుల్లో సాగుతూ వచ్చింది. ఒకటి ఉపన్యాసం. ఆచార్యుడు వేదిక మీద నుంచి చెబుతాడు, పెద్ద సంఖ్యలో విద్యార్థులు విని రాసుకుంటారు. రెండోది సెమినార్. కొద్దిమంది ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు తాను పరిశీలించినది వినిపిస్తే, మిగిలినవాళ్లు అందులోని లొసుగులు వెతుకుతారు. 1730లలో గాటింగెన్‌లో ప్రాచీన భాషల అధ్యయనం కోసం వేళ్లూనుకున్న ఈ పద్ధతి క్రమంగా ఇతర శాస్త్రాలకూ పాకింది. 1894లో బెర్లిన్ విశ్వవిద్యాలయానికి వచ్చిన కార్ల్ స్టంఫ్ అక్కడ మనోవిజ్ఞాన సెమినార్ ప్రారంభించాడు. మొదట దానికి దక్కినవి వెలుతురు సరిగా లేని మూడు గదులు. స్టంఫ్ స్వయంగా సంగీతజ్ఞుడు. స్వరాల మధ్య ఉండే అతి సూక్ష్మమైన తేడాలను మనిషి చెవి ఎలా పడుతుందన్నది ఆయన ప్రధాన విషయం. జంతువుల మనసు గురించిన చర్చ ఈ సెమినార్‌లోకి 1904లో ఒక గుర్రం వల్ల వచ్చింది.

అప్పటికే ఆ చర్చకు ముప్పై ఏళ్ల చరిత్ర ఉంది. మనిషి మనసుకూ జంతువు మనసుకూ మధ్య తేడా ఎక్కువ తక్కువలదే తప్ప జాతిభేదం కాదని చార్లెస్ డార్విన్ 1871లో వాదించాడు. ఆయన అనుయాయి జార్జ్ రోమేనిస్ 1882లో వెలువరించిన ‘యానిమల్ ఇంటెలిజెన్స్’ గ్రంథం నిండా కుక్కలు, పిల్లులు, ఏనుగులు చూపిన తెలివితేటల కథలే. చాలావరకు అవి ఎవరో చూసి రాసి పంపినవి. బ్రిస్టల్‌లో పనిచేసిన లాయిడ్ మోర్గన్‌కు ఈ పద్ధతి నచ్చలేదు. ఆయన పెంచిన టోనీ అనే కుక్క తలతో గేటు గడియ ఎత్తి వీధిలోకి వెళ్లేది. చూసినవాళ్లు దానికి గడియ పనితీరు అర్థమైందనుకునేవారు. మోర్గన్ మాత్రం మొదటినుంచీ గమనించాడు. ఆ కుక్క ఊచల మధ్య ఎక్కడపడితే అక్కడ తల దూర్చగా ఒకసారి గడియ దానంతటదే లేచింది. ఆ పని తడబాటు లేకుండా చేయడానికి దానికి సుమారు మూడు వారాలు పట్టింది. సరళమైన మానసిక శక్తితో వివరించగలిగిన ప్రవర్తనకు ఉన్నత శక్తిని అంటగట్టకూడదని మోర్గన్ 1894లో ఒక నియమం ప్రతిపాదించాడు. అమెరికాలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ పిల్లులను చెక్కపెట్టెల్లో ఉంచి, తాడు లాగో మీట నొక్కో బయటపడటానికి అవి తీసుకునే సమయాన్ని ప్రతిసారీ కొలిచి 1898లో ప్రచురించాడు. సమయం మెల్లగానే తగ్గింది. ఒక్కసారిగా కిటుకు తట్టిన జాడ ఆ కొలతల్లో లేదు.

ఈ నేపథ్యంలో బెర్లిన్ ఉత్తర భాగంలోని ఒక ఇంటి పెరట్లో, విల్హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు తన గుర్రం హాన్స్‌కు బడిపిల్లవాడికి నేర్పినట్టే పాఠాలు నేర్పాడు. చెక్క పిన్నులు, పూసల చట్రం, నల్లబల్ల పెట్టుకుని సుమారు నాలుగేళ్లు శ్రమించాడు. చివరకు హాన్స్ కూడికలు, భిన్నాలు చేసేది, తేదీలు చెప్పేది, అక్షరాలు గుర్తించేది. జవాబు అంకె అయితే అన్నిసార్లు కుడికాలి గిట్టను నేలకు తట్టేది. సరైన జవాబుకు రొట్టె, క్యారెట్ దొరికేవి. ఓస్టెన్ ప్రేక్షకుల దగ్గర డబ్బు తీసుకునేవాడు కాదు. జంతువుకు చదువు చెబితే మనిషిలాగే ఆలోచిస్తుందని ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు. 1904 వేసవికల్లా ఆ పెరడు జనంతో నిండిపోయింది. వార్త అట్లాంటిక్ దాటి న్యూయార్క్ పత్రికలకూ ఎక్కింది.

ఆ సెప్టెంబర్‌లో 13 మంది సభ్యుల బృందం హాన్స్‌ను పరిశీలించింది. అందులో స్టంఫ్‌తో పాటు శరీరధర్మ శాస్త్రవేత్త విలిబాల్డ్ నాగెల్, బెర్లిన్ జంతుప్రదర్శనశాల డైరెక్టర్ లుడ్విగ్ హెక్, పక్షుల ప్రవర్తనను అధ్యయనం చేసిన ఆస్కర్ హైన్‌రోత్, సర్కస్ యజమాని పాల్ బుష్ ఉన్నారు. మోసం ఉంటే బుష్ లాంటివాడి కళ్లు కప్పడం కష్టం. తెలుగువాళ్లు ఎరిగిన గంగిరెద్దు తల ఊపేది తనను ఆడించేవాడి సంజ్ఞను బట్టే. అలాంటి సంజ్ఞ ఏదైనా ఉందా అన్నదే బృందం ముందున్న ప్రశ్న. ఓస్టెన్ దగ్గర లేకపోయినా, వేరేవాళ్లు అడిగినా హాన్స్ సరిగానే చెప్పేది. కావాలని చేసే సంజ్ఞలేవీ కనిపించలేదని సెప్టెంబర్ 12న బృందం ప్రకటించింది. గుర్రం ఆలోచిస్తోందని మాత్రం అనలేదు. ఆ విషయం తేల్చే పని స్టంఫ్ తన సెమినార్‌లో పనిచేస్తున్న ఆస్కర్ ఫుంగ్‌స్ట్‌కు అప్పగించాడు.

ఫుంగ్‌స్ట్ పెరట్లో ఒక గుడారం వేయించి, జనసందడి లేకుండా చేసి, ఒక్కో పరిస్థితినీ విడివిడిగా మార్చి చూశాడు. మొదటి మార్పు, అడిగేవాడికి జవాబు తెలుసా లేదా అన్నది. అంకెలు రాసిన అట్టలు చూపినప్పుడు అడిగేవాడు ఆ అంకెను చూసి ఉంటే హాన్స్ 98 శాతం సరిగా చెప్పింది. అతను చూడకుండా అట్టను గుర్రానికి మాత్రమే చూపితే అది 8 శాతానికి పడిపోయింది. మరో పరీక్షలో ఓస్టెన్ గుర్రం చెవిలో ఒక అంకె గుసగుసలాడాడు, ఫుంగ్‌స్ట్ ఇంకో అంకె చెప్పాడు. మొత్తం ఎంతో ఇద్దరికీ తెలియదు. అలా 31 సార్లు అడిగితే మూడుసార్లే సరైన జవాబు వచ్చింది. అడిగేవాళ్లకు మొత్తం తెలిసేలా మళ్లీ 31 సార్లు చేస్తే 29 సార్లు సరిపోయింది. తరువాత గుర్రం కళ్లకు పక్కల పెద్ద గంతలు కట్టారు. అడిగేవాడు కనబడకపోతే హాన్స్ తికమక పడింది, అతన్ని చూడటానికి మెడ తిప్పుకుని గింజుకుంది. కావలసింది కళ్ల ముందు అడిగేవాడు ఉండటమేనని అలా తేలింది.

అడిగేవాడి శరీరంలో గుర్రం చూస్తున్నదేమిటో కూడా ఫుంగ్‌స్ట్ పట్టుకున్నాడు. ప్రశ్న వేశాక మనిషి గిట్ట వైపు చూడటానికి తల కొద్దిగా వంచుతాడు. హాన్స్ తట్టడం మొదలుపెడుతుంది. లెక్క సరైన అంకెకు చేరగానే మనిషిలోని ఉత్కంఠ సడలి తల అణుమాత్రం పైకి లేస్తుంది. హాన్స్ ఆపేస్తుంది. ఈ కదలిక మామూలు కంటికి ఆననంత చిన్నది. చేస్తున్నవాడికీ దాని గురించి తెలియదు. ప్రశ్న ఏమీ వేయకుండా తల వంచి, ఎత్తి, ఫుంగ్‌స్ట్ గుర్రం చేత తను కోరిన అంకె కొట్టించగలిగాడు. ఆపై ప్రయోగశాలలో తానే గుర్రం పాత్ర వహించాడు. ఎదుటి మనిషి మనసులో ఒక అంకె తలచుకుంటే ఈయన చేత్తో బల్ల మీద తడుతూ అతని తల కదలికను బట్టి ఆపేవాడు. ఇలా పరీక్షించిన 25 మందిలో 23 మంది తమకు తెలియకుండానే ఆ కదలిక చేశారు. డిసెంబర్‌లో నివేదిక వెలువడింది. 1907లో ఫుంగ్‌స్ట్ పుస్తకం, 1911లో దాని ఇంగ్లిష్ అనువాదం వచ్చాయి. ఓస్టెన్ తీవ్రంగా నొచ్చుకుని తదుపరి పరీక్షలకు ఒప్పుకోలేదు. 1909లో ఆయన మరణించాక హాన్స్ ఎల్బర్‌ఫెల్డ్ నగల వ్యాపారి కార్ల్ క్రాల్ దగ్గరికి చేరింది.

ఈ ఫలితం జంతు పరిశోధనను రెండు దారుల్లో నడిపించింది. అమెరికాలో ప్రవర్తనావాదులు మనసు అనే మాటనే పక్కనబెట్టారు. స్టంఫ్ శిష్యుడు వోల్ఫ్‌గాంగ్ కోలర్ మరో దారి పట్టాడు. ప్రష్యన్ అకాడమీ టెనెరీఫ్ దీవిలో నడిపిన కేంద్రంలో 1913 చివరి నుంచి ఆయన చింపాంజీలను గమనించాడు. అందని ఎత్తులో అరటిపండు, దగ్గర్లో కొన్ని పెట్టెలు. లేదా ఊచల అవతల పండు, ఇవతల బోలు కర్రలు. సుల్తాన్ అనే చింపాంజీ ఒక కర్రను మరోదానిలో గుచ్చి పొడవు చేసి పండు లాక్కుంది. ఇక్కడ ప్రశ్న వేసేది మనిషి కాదు, పండుకూ చేతికీ మధ్య ఉన్న దూరం. జవాబు ఎవరి ముఖంలోనూ చదివే వీలు లేదు. కోలర్ గ్రంథం 1917లో వెలువడింది. తరువాత స్టంఫ్ స్థానంలో బెర్లిన్ మనోవిజ్ఞాన సంస్థను నడిపినవాడూ ఆయనే.

హాన్స్ నేర్పిన పాఠం పరిశోధకుల మీదికే తిరగడానికి ఇంకా సమయం పట్టింది. 1963లో రాబర్ట్ రోసెంథాల్, కెర్మిట్ ఫోడ్ 12 మంది విద్యార్థులకు తలా ఐదు ఎలుకలు ఇచ్చారు. సగం మందికి వాళ్ల ఎలుకలు తెలివైన వంశానివని, మిగతావారికి మందబుద్ధి వంశానివని చెప్పారు. నిజానికి అన్నీ మామూలువే. అయినా ‘తెలివైన’ ఎలుకలే చిక్కుదారిలో మెరుగ్గా నేర్చుకున్నట్టు లెక్క తేలింది. 2011లో కాలిఫోర్నియాలో 18 పోలీసు కుక్కలను, వాటి శిక్షకులతో జతగా పరీక్షించారు. మత్తుమందు గానీ పేలుడు పదార్థం గానీ ఎక్కడా లేదు. అయినా వాసన ఉందని శిక్షకులు నమ్మిన చోట కుక్కలు ఎక్కువసార్లు సూచన ఇచ్చినట్టు నమోదైంది. అందుకే నేడు పరీక్ష నడిపేవారికీ, ఫలితం లెక్కించేవారికీ సరైన జవాబు తెలియకుండా ఉంచడం ఈ శాస్త్రంలో ప్రాథమిక నియమం.

రెండో పాఠం మరింత ఆలస్యంగా అందింది. ఫుంగ్‌స్ట్ లెక్కించినది గణితంలో గుర్రం వైఫల్యం. మనుషులకే తెలియని కదలికను అది స్వయంగా కనిపెట్టి వాడుకుందన్న విషయం ఆయన పుస్తకంలోనే ఉన్నా, దశాబ్దాల పాటు దాన్ని తప్పుదారి పట్టించే అడ్డంకిగానే చూశారు. 1990ల చివరిలో హంగరీ, అమెరికా పరిశోధకులు మనిషి వేలు చూపినచోటికి కుక్క ఎలా వెళ్తుందో పరీక్షించడంతో, మనిషిని చదవగల ఆ శక్తే అధ్యయన విషయమైంది. 2016లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గుర్రాలకు మనుషుల ముఖాల ఫొటోలు చూపారు. కోపంగా ఉన్న ముఖం ఎదురైనప్పుడు వాటి గుండె వేగం త్వరగా పెరిగింది, అవి ఆ ముఖాన్ని ఎక్కువగా ఎడమ కంటితో చూశాయి. బెర్లిన్ పెరట్లో హాన్స్ చేసింది ఈ కోవకు చెందిన పనే. ఓస్టెన్ నేర్పాననుకున్న గణితం దానికి రాలేదు. ఎదుటి మనిషిని చదవడం మాత్రం అది ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంది.